సూదిలో లేదు, గుడ్డులోనే ఉంది

ఆదివారం ఉదయం ఏడింటికి విజయవాడలో ఏ చికెన్ షాపు ముందు నిలబడినా ఒక మాట చెవిన పడుతుంది: "అన్నీ ఇంజెక్షన్ కోళ్ళేనండీ, లేకపోతే నెలన్నరకే అంత బరువు ఎలా వస్తాయి?" పటమటలో అయినా, వన్‌టౌన్‌లో అయినా, గుంటూరు బ్రాడీపేటలో అయినా ఇదే మాట. అన్నాయన అంటూనే కిలో స్కిన్‌లెస్ కొట్టించుకుని వెళ్తాడు. షాపు కుర్రాడు ఔననడు, కాదనడు. వాడికి రెండు చేతులా పని.

ఆ కుర్రాడి వెనక ఉన్న జాలీ బోనును కాసేపు చూడాలి. లోపలి కోళ్ళలో నిలబడి ఉన్నవి తక్కువ. చాలావరకు రొమ్ము నేలకు ఆనించి చతికిలబడి ఉంటాయి. చెయ్యి లోపలికి వస్తే లేస్తాయి, నాలుగడుగులు వేస్తాయి, మళ్ళీ కూలబడతాయి. ఇంకాస్త శ్రద్ధగా వింటే అసలు విషయం చెవికే తెలుస్తుంది. అవి కూత పెట్టవు, కొక్కొక్కుమనవు. కిచకిచమంటాయి. రెండున్నర కిలోల ఒంట్లోంచి కోడిపిల్ల గొంతు. ఎందుకంటే అవి నిజంగా పిల్లలే. వయసు ఆరు వారాలు. పల్లెలో నాటుకోడి పిల్ల ఆ వయసుకు ఇంకా తల్లి చుట్టూ తిరుగుతూ పెంటకుప్ప కెలకడం నేర్చుకుంటూ ఉంటుంది.

ఇంజెక్షన్ సంగతి ముందు తేల్చుకోవాలి. పెరుగుదల హార్మోన్ ఒక ప్రోటీన్. దాణాలో కలిపితే పప్పులో ప్రోటీన్ అరిగినట్టే కడుపులో అరిగిపోతుంది. సూదితోనే ఎక్కించాలనుకుంటే ఒక్కసారితో సరిపోదు, మళ్ళీ మళ్ళీ ఎక్కించాలి. ఐదు వేల కోళ్ళున్న షెడ్డులో ఒక్కోదాన్నీ పట్టుకుని రోజూ సూది వేసే మనుషులు ఎక్కడ దొరుకుతారు? వాళ్ళ కూలీ ముప్ఫయి, నలభై రూపాయల కోడిపిల్ల మీద ఎలా గిట్టుతుంది? షెడ్డులో జరిగేది టీకా. అందులోనూ లసోటా, గంబోరో లాంటివి ఎక్కువగా కంట్లో చుక్కగానో తాగే నీళ్ళలోనో ఇస్తారు. యాంటీబయాటిక్స్ వాడకం మాత్రం నిజమైన సమస్యే. మనుషులకు ఆఖరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్‌ను కోళ్ళకు వాడకుండా కేంద్రం 2019లో నిషేధించాల్సి వచ్చింది. అయితే బరువు రహస్యం అక్కడా లేదు.

ఆ రహస్యాన్ని కెనడాలోని అల్బర్టా యూనివర్సిటీ వాళ్ళు తూకం వేసి చూపించారు. 1957 నాటి కోళ్ళ వంశాన్ని, 1978 నాటి వంశాన్ని అక్కడ ఏ ఎంపికా చేయకుండా అలాగే కాపాడుతూ వచ్చారు. వాటి పిల్లలనూ, 2005 నాటి వ్యాపార బ్రాయిలర్ పిల్లలనూ ఒకే రకం దాణా వేసి ఒకేలా పెంచారు. ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. 56వ రోజున 1957 కోడి సగటు బరువు 905 గ్రాములు. 1978 కోడిది 1,808 గ్రాములు. 2005 కోడిది 4,202 గ్రాములు. దాణా మారలేదు, సూది లేదు. తేడా అంతా గుడ్డులోంచే వచ్చింది.

జనం అనుమానం సరైనదే. దొంగ కూడా ఉన్నాడు. కాకపోతే అనుమానం పక్కింటి వాడి మీద పడింది. సూది అయితే ఆపేస్తే ఆగిపోతుంది. వంశం అలా ఆగదు. ఎంత మంచి రైతు, ఎంత శుభ్రమైన షెడ్డులో, ఎంత మంచి దాణాతో పెంచినా ఈ కోడి కష్టాలు దానితోనే పుట్టి దానితోనే పెరుగుతాయి. ఇంకా చెప్పాలంటే, బాగా మేపిన కొద్దీ ఎక్కువవుతాయి.

ఈ వంశం కథ అమెరికాలో పెద్ద మలుపు తిరిగింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అక్కడ 'రేపటి కోడి' పేరుతో దేశవ్యాప్త పోటీ పెట్టారు. మైనంతో ఒక ఆదర్శ కోడి బొమ్మ చేశారు: వెడల్పు రొమ్ము, లావు తొడలు. పెంపకందారులు గుడ్లు పంపాలి, వాటిని పొదిగించి ఒకేచోట పెంచి, కోసి, ఆ బొమ్మతో పోల్చి మార్కులు వేయాలి. 1948లో ఫైనల్స్ జరిగాయి. గెలిచిన కోడిలో కార్నిష్ జాతి రక్తం ఉంది. ఆ కార్నిష్ పాత పేరు 'ఇండియన్ గేమ్'. దాని పూర్వీకుల్లో మన అసీల్ ఉంది. అంటే సంక్రాంతి బరిలో కత్తి కట్టుకుని దిగే పందెం కోడీ, బోనులో చతికిలబడిన బ్రాయిలర్ కోడీ దూరపు చుట్టాలే. ఆ వెడల్పు రొమ్ము ఒకరికి పోరాటం కోసం, ఇంకొకరికి కూర కోసం పనికొచ్చింది.

పోటీలో మార్కులు వేసింది మాంసానికి. తరవాత డెబ్భై ఐదేళ్ళూ మార్కులు పడింది ప్రధానంగా మూడింటికే: ఎంత త్వరగా, ఎంత తక్కువ దాణాతో, ఎంత రొమ్ము. ప్రతి తరంలో ఈ మూడింటిలో ముందున్నవాటినే తల్లిదండ్రులుగా ఉంచారు. కోడికి తరం అంటే ఏడాది లోపే కాబట్టి మనుషుల్లో వెయ్యేళ్ళు పట్టే మార్పు వీటిలో కొన్ని దశాబ్దాల్లో జరిగిపోయింది. ఎంపికకు ఒక స్వభావం ఉంది. ఏది కొలుస్తామో అదే పెరుగుతుంది. కొలవనిది ఏమవుతుందో చాలాకాలం ఎవరూ చూడరు.

ఇప్పుడు ప్రపంచంలోని బ్రాయిలర్లలో అత్యధిక భాగం రెండు మూడు పెంపక సంస్థల చేతిలో ఉన్న మూల వంశాల నుంచే వస్తున్నాయి. పైన ఆ మూల వంశాలు, కింద ముత్తాతలు, తాతలు, తల్లిదండ్రులు, అట్టడుగున మనం తినే కోడి. పైమెట్టు మీద ఒక్క కోడిలో చేసిన మార్పు కిందికి దిగేసరికి లక్షల కోళ్ళలో కనిపిస్తుంది. మన దేశానికి ఈ వ్యవస్థను తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన పేరు తెలుగువాడిదే. బి.వి. రావుగా అందరికీ తెలిసిన బండా వాసుదేవరావు 1971లో పుణెలో వెంకటేశ్వర హేచరీస్ పెట్టారు. ఇవాళ మన షెడ్లలో ఎక్కువగా వినిపించే వెన్‌కాబ్ అనే బ్రాయిలర్ రకం పేరు అక్కడిదే.

గుంటూరు జిల్లా మిర్చి రైతుకు ఈ మెట్ల సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. హైబ్రిడ్ కాయల్లోంచి గింజలు తీసి దాచుకుని వచ్చే ఏడాది వేస్తే చేలో ఒక మొక్కకూ ఇంకో మొక్కకూ పొంతన ఉండదు, అందుకే ప్రతి ఏడూ ప్యాకెట్ కొనాలి. బ్రాయిలర్ కూడా అంతే. దాన్ని పెంచే రైతు చేతిలో దాని వంశం ఎప్పుడూ ఉండదు. బ్యాచ్ బ్యాచ్‌కీ పిల్లలు బయటి నుంచే రావాలి. కాబట్టి కోడి ఒంట్లో ఉన్న లోపాన్ని సరిదిద్దే వీలు కూడా రైతుకు లేదు. ఆ లోపం వల్ల వచ్చే నష్టం మాత్రం ఆయన షెడ్డులోనే తేలుతుంది.

లోపం అంటే ఏమిటి? తిన్న తిండిని శరీరం ఎముకకు, గుండెకు, ఊపిరితిత్తులకు, రోగనిరోధకశక్తికి, కండకు పంచుతుంది. ఒక ఇంటి జీతం లాంటిదే అది. జీతం అంతా ఒకే పద్దుకు మళ్ళిస్తే మిగతావి అప్పుల్లో పడతాయి. ఇక్కడ అన్నీ కండ పద్దుకు, అందులోనూ రొమ్ము కండకు మళ్ళాయి. ఇప్పటి బ్రాయిలర్ బతికున్న బరువులో ఐదో వంతుకు పైనే రొమ్ము మాంసం. ఆ బరువంతా ముందుకు పడుతుంది. మోయాల్సింది ఇంకా సరిగ్గా గట్టిపడని ఆరు వారాల ఎముకలు. దాంతో నడక చెడుతుంది, కాళ్ళు బయటికి వంగుతాయి, కొన్నిటికి కీలు దగ్గర ఎముక కుళ్ళుతుంది. బ్రిటన్‌లో దాదాపు 51 వేల కోళ్ళ నడకను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, సగటున 40 రోజుల వయసుకు 27.6 శాతం కోళ్ళు సరిగ్గా నడవలేకపోతున్నాయని తేలింది. 3.3 శాతం దాదాపు నడవలేనివి.

కుంటి నడక ఉంటే నొప్పి ఉన్నట్టేనా అని ఎవరైనా అడగొచ్చు. కోడి చెప్పలేదు కదా. 2000లో బ్రిటన్‌లోనే దానికి తెలివైన పరీక్ష ఒకటి చేశారు. కోళ్ళ ముందు రెండు రంగుల దాణా పెట్టారు. ఒకదానిలో నొప్పి తగ్గించే మందు ఉంది. కుంటుతున్న కోళ్ళు మందున్న దాణానే ఎక్కువ తిన్నాయి. కుంటి ఎంత ఎక్కువైతే మందు తినడం అంత ఎక్కువ. తిన్నాక వాటి నడక మెరుగుపడింది.

కూర్చునే ఉండటం వల్ల వచ్చేది ఇంకొకటి ఉంది. షెడ్డులో నేల మీద పరిచిన ఊక రెట్టతో తడుస్తుంది, అమ్మోనియా పుడుతుంది. గంటల తరబడి దాని మీదే కూర్చున్న కోడికి అరికాలి మెత్తల దగ్గర, మోకాలి లాంటి కీలు దగ్గర చర్మం కమిలి నల్లబడుతుంది. షాపులో కాళ్ళు విడిగా అమ్మేచోట పాదం తిప్పి చూస్తే గోధుమరంగు మచ్చ చాలావాటికి కనిపిస్తుంది.

గుండె కథ వేరే. పక్షి ఊపిరితిత్తులు మన వాటిలా ఉబ్బవు, పక్కటెముకలకు అంటుకుని గట్టిగా ఉంటాయి. కండ పెరిగినంత వేగంగా అవి పెరగలేదు. ఒళ్ళు ఆక్సిజన్ అడుగుతూనే ఉంటుంది. గుండె ఆ ఇరుకు దారిలోకి రక్తాన్ని ఇంకా ఇంకా బలంగా తోస్తుంది. కుడివైపు గుండె వాచిపోతుంది, రక్తం వెనక్కి తంతుంది, కాలేయం నుంచి నీరు కారి పొట్టలో చేరుతుంది. రైతులు నీళ్ళ పొట్ట అనేది దీన్నే. చలి రాత్రుల్లో ఎక్కువ, ఎందుకంటే వేడి కోసం ఒంటికి ఇంకాస్త ఆక్సిజన్ కావాలి. ఇంకో రకం చావు ముందుగా ఏ లక్షణం చూపదు. బ్యాచ్‌లో బాగా బలిసిన పుంజు, పొద్దున మేత తిన్నదే, ఒక్కసారి రెక్కలు టపటప కొట్టుకుని వెల్లకిలా పడిపోతుంది. అన్నిటికన్నా బాగా పెరిగినదే ముందు పోవడం చూసి కొత్తగా షెడ్డు పెట్టినవాళ్ళు ఎవరో దిష్టి పెట్టారనుకుంటారు.

కోడి కష్టం కోడిది, తినేవాడికేం అనుకుంటే, బోన్‌లెస్ కొన్నప్పుడు ఒక పని చేయవచ్చు. కోయకుండా రొమ్ము ముక్కను అలాగే ఇవ్వమని అడిగి, ఇంటికొచ్చి కడిగి వెలుతురులో పెట్టి చూడాలి. కండ గీతల వెంబడే తెల్లటి చారలు కనిపిస్తే అవి కొవ్వు, పీచు కణజాలం. తరవాత మెడవైపు లావుగా ఉన్న చివరను బొటనవేలితో నొక్కాలి. మామూలు మాంసం లోపలికి దిగి మళ్ళీ లేస్తుంది. కొన్ని ముక్కలు చెక్కలా ఎదురు నొక్కుతాయి. ఈ చెక్క రొమ్మును ఫిన్లాండ్ పరిశోధకులు 2014లో మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించారు. జరుగుతున్నది ఇదీ: కోడికి కండపోగుల సంఖ్య గుడ్డులోంచి బయటికి వచ్చేసరికే దాదాపు ఖరారైపోతుంది, ఆ తరవాత ప్రతి పోగూ లావెక్కడమే. పోగులు లావెక్కినంత వేగంగా వాటి మధ్య సన్నటి రక్తనాళాలు పెరగవు. మధ్యలో ఉన్న పోగులకు ఆక్సిజన్ అందక చచ్చిపోతాయి. ఆ ఖాళీని కొవ్వూ, మచ్చకణజాలమూ నింపుతాయి. తింటే ప్రమాదమేమీ లేదు. కానీ ప్రోటీన్ కోసం జిమ్ కుర్రాళ్ళు ఏరికోరి కొనే రొమ్ము ముక్కలో ప్రోటీన్ తగ్గి, కొవ్వూ పీచూ పెరిగాయి. మసాలా సరిగ్గా పట్టదు, నమిలితే రబ్బరులా ఉంటుంది. ఎంత మాంసం కావాలో అంతా వచ్చాక, వచ్చింది మాంసమేనా అన్న ప్రశ్న మొదలైంది.

మన ప్రాంతానికి వచ్చేసరికి వీటన్నిటి మీదా ఎండ ఒకటి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత ఈ నేల మీద పుట్టిందే. పల్నాడులోని రెంటచింతల పేరు ప్రతి వేసవిలో పేపర్లో వస్తుంది. ఎదిగిన బ్రాయిలర్‌కు హాయిగా ఉండేది ఇరవై డిగ్రీలకు అటూఇటూ. ఆగిరిపల్లి, నూజివీడు వైపు రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం నలభై దాటుతుంది. పైగా వేగంగా పెరిగే ఒళ్ళు లోపల కూడా పొయ్యిలా మండుతూనే ఉంటుంది, తిన్న దాణా అరిగేటప్పుడు ఆ మంట ఇంకా పెరుగుతుంది. కోడికి చెమట పట్టదు. ముక్కు తెరిచి రొప్పడం, రెక్కలు ఎడంగా పెట్టడం తప్ప దానికి వేరే దారి లేదు.

అలాంటి షెడ్డులో మధ్యాహ్నం రెండింటికి పని ఎలా ఉంటుందో చూస్తే ఈ కోడికి ఎంత చాకిరీ కావాలో అర్థమవుతుంది. పొద్దున తొమ్మిదికల్లా మేత తొట్లు పైకి లాగేస్తారు, ఎండలో తింటే చస్తాయని. పక్కలకు గోనెపట్టాలు కట్టి తడుపుతూ ఉంటారు. పైకప్పు మీద గడ్డి పరిచి నీళ్ళు చల్లుతారు. లోపల సన్నటి నీటి తుంపర చిమ్మే ఫాగర్లు, ఫ్యాన్లు. నీళ్ళలో ఎలక్ట్రోలైట్, విటమిన్ సి. ఒక మనిషి వరసల మధ్య మెల్లగా నడుస్తూ కూర్చున్న కోళ్ళను లేపుతూ ఉంటాడు, కిందున్న వేడి గాలి బయటికి పోవాలని. కరెంటు పోతే జనరేటర్ అందుకునే ఆ రెండు నిమిషాలూ ఒకటే టెన్షన్. దివిసీమ వైపు అయితే గాలిలోనే తేమ ఎక్కువ, ఫాగర్లు వేసినా రొప్పినా నీరు ఆవిరి కాదు, ఒళ్ళు చల్లబడదు. అదే ఊళ్ళో చింతచెట్టు కింద మట్టిలో పొర్లాడుతున్న నాటుకోడికి ఈ మర్యాదలేవీ అక్కర్లేదు.

ఎండదెబ్బకు ముందు పోయేవి బరువైనవే, అంటే అమ్మకానికి సిద్ధంగా ఉన్నవే. ఇక్కడే లెక్క తిరగబడుతుంది. మొదటి వారంలో పిల్ల చనిపోతే పోయింది పిల్ల ఖరీదు. 38వ రోజున చనిపోయిన కోడి అప్పటికి మూడు కిలోలకు పైగా దాణా తినేసి ఉంటుంది. మన జిల్లాల్లో ఎక్కువమంది ఇంటిగ్రేషన్ పద్ధతిలో పెంచుతున్నారు. కంపెనీ పిల్లల్ని, దాణాను, మందుల్ని ఇస్తుంది. షెడ్డు, కరెంటు, నీళ్ళు, కూలీ రైతువి. చివర్లో కిలోకు ఇంత అని గ్రోయింగ్ ఛార్జి. చావులు పెరిగినా, దాణా ఎక్కువ పట్టినా ఆ ఛార్జి తగ్గుతుంది. కోడి గుండె బలహీనత రైతు బిల్లులో కోతగా మారేది ఇలా. దీనికి ఇప్పుడు దొరికిన పరిష్కారం ఈసీ షెడ్డు, అంటే చుట్టూ మూసేసి కూలింగ్ ప్యాడ్లు, పెద్ద ఫ్యాన్లతో చల్లగా ఉంచేది. దానికి బ్యాంకు లోను. చల్లటి దేశాల కోసం తయారైన ఒంటిని మన ఎండలో నిలబెట్టడానికి అయ్యే ఖర్చు చికెన్ రేటు బోర్డు మీద విడిగా కనపడదు, ఈఎంఐ రూపంలో ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు.

ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువమందికి తెలియనిది, ఒకసారి తెలిశాక మర్చిపోలేనిది తల్లికోళ్ళ సంగతి. మనం తినే కోడి ఆరు వారాలకే పోతుంది కాబట్టి దాని ఒళ్ళు దాని ప్రాణం తీసేలోపే కథ ముగుస్తుంది. కానీ దాన్ని కన్న పేరెంట్ కోడి ఏడాదికి పైగా బతకాలి, గుడ్లు పెట్టాలి. దాని ఒంట్లోనూ అదే వంశం, అదే ఆకలి. ఎంపికలో భాగంగా ఆకలినే పెంచారు మరి. ఎక్కువ తినేదే ఎక్కువ పెరిగింది, కడుపు నిండిందన్న సంకేతం మందగించినదే గెలిచింది. అలాంటి కోడికి కావలసినంత మేత పెడితే విపరీతంగా బరువెక్కి గుడ్లు తగ్గిస్తుంది, కాళ్ళు పడిపోతాయి, గుండె ఆగుతుంది. అందుకని ఎదిగే వయసులో దానికి అది తినగలిగిన దానిలో సగం కన్నా తక్కువే పెడతారు. కొన్నిచోట్ల రోజు విడిచి రోజు పెడతారు. మేత కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. తరవాత ఖాళీ తొట్టిని పొడుస్తూ ఉంటుంది, కడుపు నింపుకోవడానికి నీళ్ళు అతిగా తాగుతుంది. కడుపునిండా పెడితే చస్తుంది, పెట్టకపోతే ఆకలితో అలమటిస్తుంది. ఈ రెంటి మధ్యా మూడో దారి లేకుండా ఒక ప్రాణిని తయారుచేశాం. దీన్ని పెంపకంలో లోటు అనలేం, పెంపకందారు ఏ వైపు తిరిగినా తప్పే అవుతుంది.

కోడి దగ్గరే ఎక్కువసేపు ఆగడానికి కారణం మనం ఎక్కువగా తినేది అదే కాబట్టి. మిగతా జంతువుల్లోనూ కథ ఇదే. విదేశాల్లో మాంసం కోసం పెంచే టర్కీ కోడిపుంజు రొమ్ము ఎంత పెరిగిందంటే పెట్టను ఎక్కలేదు, అందుకే ఆ జాతి మొత్తం కృత్రిమ గర్భధారణ మీదే నడుస్తోంది. మనం సీమపంది అనే విదేశీ పందుల్లో, పియట్రేన్ లాంటి బాగా కండ పట్టిన జాతుల్లో, లారీ ఎక్కించిన కంగారుకే ఒళ్ళు బిగుసుకుని చనిపోయేవి ఉండేవి. బతికి కబేళా దాకా వెళ్ళినా మాంసం పాలిపోయి నీరు కారేది. దీని వెనకున్న జన్యుమార్పును 1991లో పట్టుకున్నాక ఏరివేయడం మొదలైంది. బెల్జియన్ బ్లూ పశువుల్లో కండ పెరుగుదలకు కళ్ళెం వేసే మయోస్టాటిన్ అనే జన్యువు చెడిపోయింది. దాని డీఎన్‌ఏలో 11 అక్షరాలు ఊడిపోవడం వల్ల ఇలా అయిందని 1997లో తేలింది. దూడ భుజాలు, తొడలు లావు, తల్లి కటి ఇరుకు. తొంభై శాతానికి పైగా ఈతలు కడుపు కోసి తీయాల్సిందే. మన ఊళ్ళో గేదె ఈనే రాత్రి ఇంటిల్లిపాదీ లాంతరు పట్టుకుని కూర్చున్న సంగతి తెలిసినవాళ్ళకు, ప్రతి ఈతా ఆపరేషనే అయిన ఆవు ఏ లెక్కన జాతిరత్నమో అర్థం కాదు.

1983లో అమెరికాలోని ఓక్లహోమాలో పుట్టిన ఒక పొట్టేలు ముచ్చట కూడా చెప్పాలి. దాని పేరు సాలిడ్ గోల్డ్. వెనక భాగం విపరీతమైన కండతో ఉండేది, పిల్లలకూ అదే వచ్చింది. తక్కువ మేత, తక్కువ కొవ్వు, ఎక్కువ మాంసం. బంగారమే అనుకున్నారు. వండితే ముక్క ఉడకలేదు, తోలు నమిలినట్టు ఉంది. కండను పెంచిన ఆ మార్పే, కోసిన తరవాత మాంసాన్ని మెత్తబరిచే ప్రక్రియకు అడ్డుపడింది. మార్కెట్ దాన్ని పక్కన పెట్టేసింది.

ఇక ఒంగోలు జాతి. గుంటూరు పక్కన లాం ఫారంలో ఈ జాతిని కాపాడే పరిశోధన కేంద్రం ఉంది. ఇక్కడ ఒంగోలు గిత్తను తరతరాలుగా ఎంచింది దున్నడానికి, బండి లాగడానికి. ఇప్పటికీ కోటప్పకొండ తిరునాళ్ళ లాంటి చోట్ల బండలాగుడు పోటీల్లో మార్కులు పడేది కాలి బలానికి, గుండె దమ్ముకు. అదే జాతి బ్రెజిల్ వెళ్ళి నెలోర్ అయింది. 1960లలో ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరుతో వెళ్ళిన ఆంబోతు సంతతి అక్కడ ఎంతో విస్తరించింది. ఎండకు తట్టుకుంటుందని, పురుగు పుట్రకు లొంగదని, గడ్డి మీదే బతుకుతుందని తీసుకెళ్ళారు. అక్కడ మార్కులు మాంసానికి పడుతున్నాయి. వియాటినా-19 అనే ఆవు బరువు 1,101 కిలోలు. ఆ జాతిలో మామూలు ఆవుకు రెట్టింపు. వేలంలో పలికిన ధర మన డబ్బులో దాదాపు 40 కోట్లని వార్త వచ్చినప్పుడు తెలుగువాళ్ళందరూ ఫోన్లలో పంచుకుని మురిసిపోయారు. మురిసిపోవడంలో తప్పు లేదు. కానీ అంత ధర పలికిన ఆవు నుంచి పిండాలు తీసి పదుల ఆవుల్లో పెడతారు, మేటి ఆంబోతుల వీర్యం వేల ఆవులకు వెళ్తుంది. మంద పెద్దదవుతూ వంశం ఇరుకవుతుంది. బరువు వేటలో ఎండను తట్టుకునే గుణం ఏ తరంలో జారిపోయినా వెతుక్కోవడానికి మిగిలేది లాం లాంటి చోట్ల ఉన్న పాత మందలే.

బ్రాయిలర్ తరఫున చెప్పాల్సింది లేకపోలేదు. మటన్ కిలో వెయ్యి రూపాయల దగ్గర తచ్చాడుతున్న రోజుల్లో సింగ్‌నగర్‌లో ఆటో నడిపే మనిషి ఇంట్లో వారానికోసారి మాంసం ఉడుకుతోందంటే అది ఈ కోడి పుణ్యమే. కిలో కోడి తయారు కావడానికి 1950లలో మూడు కిలోల దాకా దాణా పట్టేది. ఇప్పుడు కిలోన్నరకు కాస్త పైన. అంత మొక్కజొన్న, సోయా, అంత భూమి, అంత నీరు ఆదా అయ్యాయి. పెంపక సంస్థలు కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. కొన్ని దశాబ్దాలుగా కాలి ఎముకను ఎక్స్‌రే తీసి, రక్తంలో ఆక్సిజన్ కొలిచి, బలహీనమైనవాటిని మూల వంశాల్లోంచే తీసేస్తున్నాయి. కొన్ని కాలి జబ్బులు, నీళ్ళ పొట్ట అందువల్ల తగ్గాయి కూడా. కొలిస్తే మారుతుందన్నది మంచికీ వర్తిస్తుందని దీన్నిబట్టి తెలుస్తోంది. అయితే వేగాన్ని అలాగే ఉంచి కాళ్ళకు, గుండెకు మరమ్మతులు చేసుకుంటూ పోవడం ఎంతవరకు సాగుతుంది? కాలు కాస్త కుదుటపడే వేళకు రొమ్ము చెక్క కావడం మొదలైంది.

వేగాన్నే తగ్గించిన చోట్లు ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 1965 నుంచి ఉన్న లేబుల్ రూజ్ పద్ధతిలో కోడిని కనీసం 81 రోజులు పెంచాలి, నిదానంగా పెరిగే జాతే అయి ఉండాలి. వాళ్ళు వాడే వాటిలో మెడ మీద ఈకల్లేని రకం ఒకటి. అలాంటి బోసిమెడ కోళ్ళు మన పల్లెల్లోనూ తిరుగుతుంటాయి, చూడ్డానికి బాగోలేదని చిన్నచూపు. ఈకలు తక్కువ కాబట్టి ఒంటి వేడి త్వరగా బయటికి పోతుంది, మన ఎండలకు అంతకంటే ఏం కావాలి? నెదర్లాండ్స్‌లో జనం వేగపు కోడికి ప్లోఫ్‌కిప్ అని, అంటే ఉబ్బి పేలేలా ఉన్న కోడి అని పేరు పెట్టి ఎగతాళి చేశారు. 2023కల్లా అక్కడి సూపర్ మార్కెట్లు తాజా చికెన్‌ను నిదానంగా పెరిగే రకాలకు మార్చాయి. యూరోపియన్ యూనియన్ 1998 నాటి నిబంధనలోనే, తన వంశం వల్లే ఆరోగ్యం దెబ్బతినే జంతువును పెంచకూడదన్న అర్థం వచ్చే వాక్యం ఉంది. అమలు వేరే సంగతి. మన దగ్గర హైదరాబాద్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, శ్రీనిధి లాంటి పెరటి రకాలున్నాయి. పెరట్లో తిరిగి తింటాయి, రోగాలకు కాస్త గట్టివి. బ్రాయిలర్‌తో బరువులో పోటీ పడలేవు, రేటులోనూ పడలేవు. నిదానపు కోడికి దాణా ఎక్కువ, షెడ్డులో రోజులు ఎక్కువ, కాబట్టి ధర ఎక్కువ. దీన్ని దాటవేసి మాట్లాడితే మిగతా వాదనంతా కబుర్లే.

ఆ ధర ఇవ్వడానికి మన వాళ్ళు సిద్ధంగా లేరనీ అనలేం. గారెల్లోకి నాటుకోడి పులుసు అంటే రెట్టింపు పెట్టి కొనేవాళ్ళు విజయవాడలో బోలెడంతమంది. కుక్కర్లో ఐదారు విజిల్స్ దాకా ఓపిక పడతారు కూడా. చిక్కు వేరే చోట ఉంది. షాపు బోర్డు మీద మూడే గీతలు: లైవ్, స్కిన్, స్కిన్‌లెస్. కోడి ఏ రకమో, ఎన్ని రోజులదో రాసే అలవాటు లేదు, అడిగే అలవాటూ లేదు. దాంతో ఎర్ర ఈకలున్న సంకర కోడీ, గుడ్ల కాలం తీరిన లేయరూ ఒక్కోచోట నాటుకోడి పేరు మీదే వెళ్ళిపోతాయి.

వయసు పట్టుకోవడానికి పాత వంటవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. కోడిని కోసి శుభ్రం చేశాక రొమ్ము మధ్య ఎముక కింది కొనను బొటనవేలితో పక్కకు వంచి చూస్తారు. లేత కోడిదైతే మెత్తటి మృదులాస్థి, చెవి తమ్మెలా వంగుతుంది. ముదురుదైతే కదలదు. వాళ్ళు అది చూసేది పులుసుకు ఎంతసేపు మంట పెట్టాలో తెలుసుకోవడానికి. షాపులో తూకం వేసే ముందే వేలు పెట్టి చూస్తానంటే కుర్రాడు అభ్యంతరం చెప్పడు, ఆదివారం క్యూలో వెనక ఉన్నవాళ్ళు మాత్రం కాస్త విసుక్కుంటారు.